మా ఉషారాణి గారి సొర పిట్టు

ఉషారాణి నాకు తోడికోడలు. మా ఆయన త్రిమూర్తులు, వాళ్ళాయన లోవరాజు సొంత అన్నదమ్ములు. ఇద్దరూ ఒకే బోటు మీద వేటకి వెళ్తారు. మావి ఒకే గోడకి అటూ ఇటూ కాపురాలు. ఇదివరకు ఉప్పాడలో ఎవరైనా ఆమె గురించి అడిగితే "లోవమ్మ తోడికోడలు" అని నా పేరుతో చెప్పేవారు. ఇప్పుడు నన్ను చూపించి "ఉషారాణి గారి తోడికోడలు" అంటున్నారు. నా కడుపు మండటానికి ఈ ఒక్క ముక్క చాలదా? అయినా ఆవిడ గారి చరిత్ర ఎవరో ఒకరు చెప్పాలి కదా. వీడియోలో ఆవిడ చెప్పుకునేది ఎలాగూ ఒక నిమిషానికి మించదు. మిగతాది నేను చెబుతాను.

ఆవిడది సామర్లకోట. కులం మా కులమే కానీ వాళ్ళ తాత కాలంలోనే సముద్రాన్ని వదిలేసి అక్కడ స్థిరపడ్డారు. వాళ్ళ నాన్న పంచదార ఫ్యాక్టరీ గేటు దగ్గర టీ కొట్టు నడిపేవాడు. కాబట్టి ఈ మహాతల్లి కాపురానికి వచ్చేనాటికి చేపని కూరలో చూడ్డమే తప్ప చేతిలో పట్టుకున్నది లేదు. మొదటి రోజు చందువా ఇచ్చి శుభ్రం చెయ్యమంటే తోక దగ్గర నుంచి మొదలుపెట్టింది. పులుసు కాస్తుంటే గరిటె పెట్టి కలిపేసి చేపంతా ముద్ద చేసింది. మా అత్తగారు అది చూస్తే ఆ రోజే పుట్టింటికి పంపేసేది. నేనే ఆ గిన్నె పక్కన పెట్టి, నా వాటా పులుసు ఆవిడ గిన్నెలో పోసి ఆ పూట గట్టెక్కించాను.

ఆ తర్వాత అన్నీ నేర్పించాను. చేప చెవి ఎత్తి లోపల మొప్ప ఎర్రగా ఉందో లేదో చూడటం, బొటనవేలితో నొక్కి కండ లేస్తుందో లేదో చూడటం, గరిటె పెట్టకుండా గుడ్డతో గిన్నె రెండు పక్కలా పట్టుకుని కుదపడం, ఏ చేపకి మామిడికాయ పడుతుందో దేనికి వంకాయ పడుతుందో, అన్నీ. తిట్టే నేర్పాను, కాదనను. తిట్లు తినకుండా ఎవరికైనా పని వచ్చిందా? నన్ను మా అమ్మ తిట్టింది, మా అమ్మని వాళ్ళమ్మ తిట్టింది. అలా తిట్లతో పాటే ఆ చేతి రుచి కూడా మాకు దిగింది.

ఆవిడ వీడియోలు మొదలుపెట్టింది వేట నిషేధం రోజుల్లో. బోట్లన్నీ ఒడ్డున ఉంటాయి, మగాళ్ళంతా వలలు బాగుచేసుకుంటూ ఇంటి పట్టున ఉంటారు. ఆ ఖాళీలో ఆవిడ ఆవకాయ జాడీకి ఫోను ఆనించి, బొట్టు సరిచేసుకుని, "హాయ్ అండీ, అందరూ బాగున్నారా అండీ" అని మొదలెట్టింది. ఎండు సావిడాయి చేపల వేపుడు చేసింది. గోడ ఇవతల నుంచి వింటూ నేను నవ్వుకున్నాను. పక్కింట్లో ఉన్నవాళ్ళని పలకరించే తీరిక లేదు గానీ, ఫోనులోకి చూసి ఎవరో తెలియనివాళ్ళని బాగున్నారా అని అడుగుతోందేంటి అనుకున్నాను. నాలుగు రోజులు ఆడి మానేస్తుందిలే అనుకున్నాను.

మానలేదు. పైగా ఎక్కడెక్కడి వాళ్ళో చూడటం మొదలుపెట్టారు. హైదరాబాదు వాళ్ళు, దుబాయి వాళ్ళు, ఎప్పుడూ సముద్రం చూడని వాళ్ళు. "చెవి ఎత్తి చూడండి అండీ, ఎర్రగా ఉంటేనే తీసుకోండి" అని ఆవిడ అంటుంటే గోడ ఇవతల నాకు ఒళ్ళు మండిపోయేది. అది నా మాట. "పులుసు పొద్దున్న కాచి సాయంత్రం తినాలి అండీ" అన్నదీ నా మాటే. మాటల చివర ఆ "అండీ" ఒక్కటే ఆవిడ సొంతం. ఏరు దాటాక తెప్ప తగలెయ్యడం అంటే ఇదే. ఒక్కసారంటే ఒక్కసారైనా "మా అక్క చెప్పింది" అని ఆ నోటి వెంట రాలేదు.

నేను రోజూ ఆటోలో పిఠాపురం వెళ్ళి, బేసిను నెత్తిన పెట్టుకుని చేపలు అమ్ముతాను. అక్కడ నాకు వాడుక ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళల్లో నేను చేప ఒక్కటే అమ్మేదాన్ని కాదు, దాన్ని ఎలా వండాలో కూడా చెప్పి అమ్మేదాన్ని. రిటైరైన సంపూర్ణమ్మ టీచరు గారైతే నేను వెళ్ళగానే కుర్చీ బయట వేయించుకుని కూర్చునేవారు. ఆవిడకి ఏ సంగతైనా చదివి తెలుసుకోవడం అలవాటు. ఇదివరకు కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో ఒకటి వెతికి, కళ్ళజోడు సర్దుకుని నాకు కూడా చదివి వినిపించేవారు. వంజరంలో ఫలానా బలం ఉందట లోవమ్మా అని ఆవిడ చెబితే, దాన్ని ఉల్లికారంతో వేపాలండీ అని నేను చెప్పేదాన్ని. ఆ మాటల్లో పడి పక్కింటివాళ్ళు కూడా వచ్చి చేపలు కొనేవారు.

ఇప్పుడు ఆవిడే చదవడం మానేశారు. కళ్ళకి శ్రమ, చూస్తే సరిపోతుంది కదా అంటారు. మైకు గుర్తు నొక్కి "కానాగంతల పులుసు" అని ఫోనుతో చెబుతారు, బొమ్మ ఆడుతుంది. ఆవిడే కాదు, అందరూ అంతే. గుడి వీధిలో కొత్త కోడలు చీర కట్టుకోవడం ఫోనులో చూసే నేర్చుకుంది. ఇంటర్ చదివే పిల్లలు లెక్కలు అందులోనే చూస్తారు. మా ఆయన బోటు ఇంజను విప్పి, ఫోనులో చూస్తూ మళ్ళీ బిగించాడు. చివరికి రెండు బోల్టులు మిగిలిపోయాయి. అవి ఎందుకున్నాయో ఆ వీడియో చెప్పలేదు. మేస్త్రిని పిలిస్తే పరువు పోతుందని ఇప్పటికీ వాటిని జేబులో వేసుకుని తిరుగుతున్నాడు.

ఒకరోజు టీచరు గారు నా బేసినులో చేప చెవి ఎత్తి చూశారు. ఇన్నేళ్ళలో ఏనాడూ అలా చూసింది లేదు. ఏంటండీ ఇది, నన్ను నమ్మరా అన్నాను. "అబ్బే, నమ్మకేం లోవమ్మా. మీ ఉషారాణి గారు అలా చూసి తీసుకోమన్నారు" అన్నారు. నా బేసిను ముందు, నా చేపని, నా మాటతోనే పరీక్ష చేశారు. అదీ ఆవిడ పేరు చెప్పి. ఆ పూట చేపలన్నీ అమ్ముడయ్యాయి గానీ అన్నం సహించలేదు.

ఇదంతా ఒక ఎత్తు. మా అమ్మాయి సంగతి ఒక ఎత్తు.

మా సత్యశ్రీని నిడదవోలు ఇచ్చాం. అల్లుడు బియ్యం మిల్లులో గుమస్తా. పెళ్ళయిన దగ్గర నుంచి ప్రతి ఆదివారం పొద్దున్న ఫోను చేసేది. ఇంట్లో చేప వండాలంటే నేను ఫోనులో ఉండాల్సిందే. ఫోనుని పొయ్యి పక్కన పెట్టేది. నూనె చిటపటలాడే చప్పుడు, పులుసు కాగే చప్పుడు నాకు ఇక్కడికి వినపడేవి. చప్పుడు విని మంట తగ్గించవే, మొద్దూ, అడుగంటుతోంది అనేదాన్ని. నీకెలా తెలిసిందమ్మా అనేది. ఒకసారి చెప్పిందే మళ్ళీ అడిగితే, చెవులు నిడదవోలు స్టేషన్లో మర్చిపోయావా అని తిట్టేదాన్ని. అలా తిట్టుకుంటూ పులుసు దించేదాకా మాట్లాడుకునేవాళ్ళం. మధ్యలో వాళ్ళ అత్తగారి సంగతులు, వీధి సంగతులు అన్నీ వచ్చేవి. వారమంతా నెత్తిన బేసిను మోసేదాన్ని ఆ ఆదివారం కోసమే చూసేదాన్ని.

ఆ ఫోన్లు మెల్లగా పలచబడ్డాయి. వారం వారం వచ్చేవి రెండు వారాలకొకటి అయ్యాయి. వచ్చినా బాగున్నావా, నాన్న బాగున్నాడా, ఉంటానమ్మా, అంతే. పొయ్యి చప్పుడు లేదు. వంట నేర్చుకుంది, ఇంకా నీతో పనేంటి అన్నాడు మా ఆయన. నిజమే కాబోలు అని సంతోషించాను కూడా. పిచ్చిదాన్ని.

ఒకనాడు మధ్యాహ్నం ఉషారాణి ఏం పొడుస్తోందో చూద్దామని, నాది బొత్తాల ఫోను కాబట్టి, మా ఆయన ఫోనులో ఆవిడ వీడియోలు తీశాను. చూస్తే తప్పేంటి, ఊరంతా చూస్తోంది కదా. కింద జనం రాసినవి చదువుకుంటూ పోతున్నాను. చేపల పులుసు కింద ఒకటి కనపడింది. "పిన్నీ, మీరు చెప్పినట్టే చేశాను. మా ఆయన గిన్నె ఖాళీ చేసేశారు. మీ వీడియో నాలుగుసార్లు చూశాను." పక్కన మా సత్యశ్రీ బొమ్మ. పైగా రెండు గులాబీ పువ్వులు.

నేను చెప్పిన పులుసే అది. నా దగ్గర ఆవిడ నేర్చుకుని, ఆవిడ దగ్గర నా కూతురు నేర్చుకుని, పువ్వులు మాత్రం ఆవిడకి. నాకు ఏడుపొచ్చింది. ఆవిడంటే నాకు అసూయ అని ఎవరైనా అంటే అననీ, అవును, అసూయే. పేరు పోతే పోయింది, వాడుక ఇళ్ళు మారితే మారాయి. నా కూతురి ఆదివారాలు కూడా ఆవిడకే కావాలా?

సరిగ్గా ఆ రోజుల్లోనే సత్యశ్రీ ఆడపడుచు పురిటికి నిడదవోలు వచ్చింది. మగపిల్లాడు పుట్టాడు. పాలు చాలడం లేదని అల్లుడు మా ఆయనతో అన్నాడట. బాలింతకి పాలు పడాలంటే మా వాళ్ళు ఒకటే పెడతారు. పాలసొర చేప తెచ్చి పిట్టు చెయ్యాలి. అది అందరికీ వచ్చే వంట కాదు. సొర తోలు గరుకు కాగితంలా ఉంటుంది. పసుపు నీళ్ళల్లో ఉడికించి, వేడి మీదే తోలు మీది గరుకంతా గీకెయ్యాలి. తర్వాత కండ విడదీసి, గుడ్డలో వేసి నీళ్ళు పోయేదాకా పిండాలి. అప్పుడు వెల్లుల్లి దండిగా వేసి, కారం బదులు మిరియం వేసి, పొడిపొడిగా వేయించాలి. ఇది పెట్టే చెయ్యి కూడా మంచిదై ఉండాలంటారు. మా వీధిలో ఏ బాలింతకైనా నేనే చేసిపెట్టాను. ఉషారాణికి ఇద్దరు పిల్లలు పుట్టినప్పుడూ నేనే.

ఇక ఇప్పుడు సత్యశ్రీ ఫోను చెయ్యక తప్పదు అనుకున్నాను. పులుసంటే వీడియో చూసి కాస్తుంది, సొర పిట్టుకి అమ్మ కావాలి. ఒడ్డుకి వెళ్ళి, ఏ బోటుకి పాలసొర పడినా నాకు చెప్పమని అందరితో చెప్పి వచ్చాను. వంట చేస్తున్నా ఫోను పక్కనే, స్నానానికి వెళ్ళినా గుమ్మం దగ్గరే. మా ఆయన నవ్వాడు. కొత్త పెళ్ళికూతురివా ఏంటే, ఫోను కోసం అలా కాచుకుని కూర్చున్నావు అన్నాడు. ఆ బోల్టులు పట్టుకెళ్ళి ఇంజనులో పెట్టుకో అన్నాను.

కబురు నాకు రాలేదు, ఆయనకి వచ్చింది. "నాన్నా, మంచి పాలసొరలు రెండు ఐసు పెట్టి రైలుకి పంపండి" అని రెండు ముక్కలు. చేప కావాలి, ఎలా చెయ్యాలో అక్కర్లేదు. నేనే చేపలు ఏరి, థర్మాకోల్ పెట్టెలో ఐసు పోసి, పిఠాపురం స్టేషన్లో నిడదవోలు వెళ్ళే తెలిసిన మనిషి చేతిలో పెట్టాను. పెట్టె మూత వేస్తూ, చేరగానే ఫోను చేస్తుందిలే అనుకున్నాను. చెయ్యలేదు.

ఆ సాయంత్రం గోడ అవతల నుంచి వినపడింది. "హాయ్ అండీ. ఈ రోజు మా అమ్మాయి అడిగింది అండీ, బాలింతలకి సొర పిట్టు చూపించమని." మా అమ్మాయి అట. కని పెంచింది నేను.

వీడియో రెండో రోజు వచ్చింది. ఊరుకుంటానా, చూశాను. ఒక్కసారి చూడగానే నా మొహం వెలిగిపోయింది. నిమిషంలో ఇరికించాలని కత్తిరించిన దాంట్లో తోలు గీకే పని ఎగిరిపోయింది. ఉడికించింది, ఆ వెంటనే పిండేస్తోంది. ఆవిడ గీకకుండా ఉండదు, నేను నేర్పాను కాబట్టి నాకు తెలుసు. కానీ చూసేవాళ్ళకి ఏం తెలుస్తుంది? వాళ్ళకి కనపడిందే వంట. చూసినవాళ్ళంతా చేసుకుని తిని, కింద రాయడం మొదలుపెట్టారు. ఇసుక తిన్నట్టుందని ఒకరు, పళ్ళు కరకరమన్నాయని ఒకరు. ఒకాయన పిల్లికి పెడితే అదీ ముట్టలేదన్నాడు. నేను ఒక్కొక్కటీ తీరిగ్గా చదువుకున్నాను. పిఠాపురం వెళ్ళి ప్రతి ఇంట్లోనూ చెప్పాను. టీచరు గారితో అయితే రెండుసార్లు చెప్పాను. కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెడగొట్టిందని ఊరికే అన్నారా. ఇక నిడదవోలులోనూ ఇసుకే తిని ఉంటారు, ఇప్పుడైనా అమ్మ గుర్తొస్తుంది అనుకుని ఇంటికొచ్చాను.

వచ్చేసరికి ఉషారాణి రెండో వీడియో పెట్టేసింది. చేతులు జోడించి, "తప్పు చేశాను అండీ, క్షమించండి" అంటోంది. తోలు ఎలా గీకాలో తాపీగా చూపించింది. "ఈ తప్పు మా సత్యశ్రీ ఫోను చేసి చెప్పింది అండీ, థాంక్స్ అమ్మా" అంది. మొదటిదాని కంటే ఆ రెండోదాన్ని ఎక్కువమంది చూశారు. ఎంత మంచి మనిషండీ, తప్పు ఒప్పుకుంది అని పొగడ్తలు. చూశారా న్యాయం? నేను తప్పు చేస్తే చేప పాడవుతుంది. ఆవిడ తప్పు చేస్తే ఇంకో వీడియో అవుతుంది.

నేరుగా గోడ చుట్టి వెళ్ళాను. ఆవిడ పెరట్లో గిన్నెలు తోముకుంటోంది. నోటికొచ్చినవన్నీ అన్నాను. నా వంట దోచుకున్నావు, నా మాట దోచుకున్నావు, ఇప్పుడు నా పిల్లని కూడా దోచుకున్నావు అన్నాను. తిరిగి ఒక మాట అంటే నాలుగు అందామని సిద్ధంగా ఉన్నాను. ఆవిడ చెయ్యి కడుక్కుని నిలబడింది.

"అక్కా, మొదటి రోజు నీ దగ్గరికే కదా వచ్చాను. నువ్వు చెయ్యి, నేను ఫోను పట్టుకుంటాను అన్నాను. నేను చేపలు అమ్ముకునేదాన్ని, వేషాలు వేసేదాన్ని కాదు అన్నావు. పోనీ నీ పేరు చెబుతానంటే, నా పేరు ఎత్తావంటే ఊరుకోనన్నావు."

అన్నాను. అది నిజమే. ఆ రోజు అలా అన్న సంగతి ఇంతసేపూ నేను చెప్పలేదంటే, అడిగినవాళ్ళు లేరు కాబట్టి.

"సత్యని నేను పిలవలేదక్కా. తనే చేస్తోంది. ఎందుకు చేస్తోందో నన్ను కాదు, దాన్ని అడుగు" అంది. గట్టిగా కూడా అనలేదు. గట్టిగా అంటే నాకు బాగుండేది.

మర్నాడు అమ్మకానికి వెళ్ళలేదు. మళ్ళీ రెండు పాలసొరలు సంపాదించి, పెట్టె నెత్తిన పెట్టుకుని నిడదవోలు రైలెక్కాను. చెప్పా పెట్టకుండా వెళ్ళేసరికి సత్యశ్రీ కంగారుపడి, ఏమైందమ్మా అంది. చేప తెచ్చానన్నాను. బాలింత మంచం మీద కూర్చుని ఉంది, పిల్లాడు పడుకున్నాడు. వియ్యపురాలు కాఫీ ఇచ్చి, మీ తోడికోడలు గారి వీడియోలు మా వీధంతా చూస్తుందండీ అన్నారు. ఆ కాఫీ ఎలా మింగానో నాకే తెలుసు.

వంటింట్లోకి వెళ్ళి నేనే మొదలుపెట్టాను. సత్యశ్రీ పక్కన నిలబడి చెంచాతో గీకడం అందుకుంది. వేడిగా గీకాలే, చల్లారితే ఊడదు, అటు కాదు ఇటు, చెయ్యి కాలితే కాలింది, పట్టు సరిగ్గా పట్టు, ఇంత వయసొచ్చింది ఎందుకు, అంటున్నాను. నా ధోరణిలో నేనున్నాను. అది చెంచా పక్కన పెట్టేసింది.

"ఇందుకేనమ్మా" అంది.

ఏంటే ఇందుకు అన్నాను.

"పిన్ని వీడియో తిట్టదమ్మా. అర్థం కాకపోతే వెనక్కి తిప్పి పదిసార్లు చూస్తాను, విసుక్కోదు. నిన్ను రెండోసారి అడగాలంటే భయమేస్తుంది. ఫోను స్పీకర్లో పెడితే నువ్వు మొద్దూ అనేదానివి. పక్కన మా అత్తగారు వినేవారు. నీకు చెప్పలేక మానేశాను."

పిల్లాడు లేచి ఏడిస్తే అది వెళ్ళిపోయింది. మిగతా సొర నేనొక్కదాన్నే గీకాను, పిండాను, వేయించాను. బాలింత ఇష్టంగా తింది, రెండోసారి పెట్టించుకుంది కూడా. సత్యశ్రీ రైలు దాకా వచ్చి, అలా అన్నానని ఏమీ అనుకోకమ్మా అంది. నేనేమనుకుంటాను, పోవే అన్నాను. రైలు కదిలాక సామర్లకోట దాకా ముఖం కిటికీ వైపే తిప్పుకుని కూర్చున్నాను.

ఉషారాణి మంచిదని గానీ, నేను చెడ్డదాన్నని గానీ ఇప్పుడు నేను ఒప్పుకుంటాననుకోకండి. ఆవిడ గొంతు వినపడితే ఇప్పటికీ నా పళ్ళు పటపటమంటాయి. కానీ ఆ "హాయ్ అండీ" వెనకాల ఏముందో నాకు ఆ రైల్లో తెలిసింది. ఆవిడా నా తిట్లు తిన్నదే. తిట్లు తీసేసి మిగతాది జనానికి పెడుతోంది. అందుకే జనం ఎగబడుతున్నారు. నాకు ఇంకా ఒళ్ళు మండింది.

ఆవిడకి చేతనైంది నాకు చేతకాదా అనుకున్నాను. శనివారం మధ్యాహ్నం తలుపు గడియ పెట్టి, మా ఆయన ఫోనుని పప్పు డబ్బాకి ఆనించాను. లోకానికి చూపించడానికి కాదు, సత్యశ్రీ ఒక్కదానికి పంపడానికి. కానాగంతలు ముందు పెట్టుకుని నొక్కాను. "చూడవే" అన్నాను. అలా కాదని ఆపేశాను. మళ్ళీ నొక్కి, "సత్యా, ముందు చేపని బాగా కడగాలి, నువ్వెప్పుడూ సరిగ్గా కడిగి చావవు" అనేశాను. అదీ తీసేశాను. ఎన్నిసార్లు తీశానో లెక్కలేదు. తిట్టకుండా మాట్లాడాలంటే మాట మాటకీ ఆగాల్సివచ్చేది. నాలుక చివరి దాకా వచ్చిన "మొద్దూ" అన్న మాటని వెనక్కి మింగుకుంటూ, చెమటలు కక్కుకుంటూ, చివరికి ఒకటి పూర్తిచేశాను.

అందులో నేను చాలా బాగా మాట్లాడాను. "అమ్మా సత్యశ్రీ, బాగున్నావా అమ్మా. ఇప్పుడు మనం కానాగంతల పులుసు చేద్దాం అమ్మా. నెమ్మదిగా చెయ్యి తల్లీ, కంగారేం లేదు. అర్థం కాకపోతే మళ్ళీ చూడు అమ్మా" అన్నాను. ఉషారాణి కంటే మెత్తగా అన్నాను. చివర్లో నవ్వాను కూడా. ఆదివారం పొద్దున్నే పంపించి, ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇది చూసైనా ఇక ఆవిడ వీడియోలు మానేస్తుంది అనుకున్నాను.

చూసినట్టు రెండు నీలం గీతలు పడ్డాయో లేదో, ఫోను మోగింది. సత్యశ్రీ. ఎన్ని ఆదివారాల తర్వాతో. ఎత్తగానే, నన్ను మాట్లాడనివ్వకుండా అందుకుంది.

"అమ్మా, నీకు ఒంట్లో ఎలా ఉంది? డాక్టర్ ఏమైనా చెప్పాడా? నా దగ్గర దాచకు. నేను మొన్న అలా అనకుండా ఉండాల్సింది. మేం ఇప్పుడే బయల్దేరి వస్తున్నాం."

నాకేం రోగమే, నిక్షేపంలా ఉన్నాను అన్నాను.

"మరి అలా మాట్లాడావేంటి?" అని ఏడుపు మొదలుపెట్టింది.